మ్యాప్ మీద పిన్ పడింది, ఇల్లు మాత్రం అక్కడ లేదు

"సార్, మీరు పంపిన చోటికే వచ్చాను. ఇక్కడ ఇల్లేం లేదు, చెరువుంది."

ఒక టెక్నీషియన్ ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. ఆయన వెళ్లాల్సింది ఆక్సిజన్ కాన్సంట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసి అందించే యంత్రం) ఆగిపోయిన ఒక ఇంటికి. ఆ ఇల్లు చెరువుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంట్లో అదనంగా సిలిండర్ ఉండబట్టి ఆ పూట గడిచింది. వాళ్ల వెబ్‌సైట్ సరిచేయమని ఆ మర్నాడే నన్ను పిలిచారు.

ఆ సంస్థ వాళ్ల అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. ఇందులో కనిపించే అడ్రస్‌లు ఎవరివీ కావు, కాలనీ పేరు కూడా నేను పెట్టిందే.

నేపథ్యం

ఇళ్లలో వాడే వైద్య పరికరాలను రిపేర్ చేసే సేవ అది. కాన్సంట్రేటర్లు, వీల్‌చెయిర్లు, మడత మంచాలు లాంటివి. ఇంట్లోవాళ్లు వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపుతారు. పేరు, ఫోను, పరికరం, చివర్లో అడ్రస్ కోసం ఒక పెద్ద పెట్టె. సబ్మిట్ నొక్కగానే సర్వర్‌లో పీహెచ్‌పీ భాషలో రాసిన స్క్రిప్ట్ ఆ అడ్రస్‌ను ఒక జియోకోడింగ్ సర్వీస్‌కు (అడ్రస్ ఇస్తే మ్యాప్ మీద చోటు చెప్పేది) పంపి, తిరిగొచ్చిన అక్షాంశ రేఖాంశాలను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్‌లో రాస్తుంది. ఇంకో స్క్రిప్ట్ ఆ బిందువు నుంచి ఒక్కో టెక్నీషియన్‌కు ఎంత దూరమో లెక్కగట్టి, అందరికన్నా దగ్గరున్న వాళ్లకు పని అప్పగిస్తుంది. మధ్యలో మనిషి ప్రమేయం లేదు. అప్పట్లో దాన్ని గొప్పగానే చెప్పుకున్నారు. రాసిన డెవలపర్ వేరే ఉద్యోగానికి వెళ్లిపోయి చాలా కాలమైంది.

వచ్చిన ఫిర్యాదు

కోఆర్డినేటర్ మేడమ్ నాకు రెండు సంగతులు చెప్పారు. ఒకటి, ఫారం అప్పుడప్పుడు నిమిషం పాటు తిరుగుతూనే ఉంటుంది, జనం విసిగి రెండోసారి నొక్కుతారు, ఒకే ఇంటికి రెండు టికెట్లు, అంటే రెండు రిపేర్ పనులు, పడతాయి. రెండోది చెరువు సంగతి, అలాంటివి ఇంకా ఉన్నాయని. పరిష్కారం కూడా ఆవిడే చెప్పారు: "ఇంకా మంచి మ్యాప్ సర్వీస్‌కు మార్చేయండి, డబ్బు కట్టడానికి సిద్ధమే."

నేను ఒప్పుకోలేదు. తప్పు మూడు చోట్ల ఉండొచ్చు: మనం అడిగే తీరులో, వాళ్లు ఇచ్చే జవాబులో, ఆ జవాబును మనం దాచుకునే తీరులో. సర్వీస్ మారిస్తే మధ్యలోది ఒక్కటే మారుతుంది. మిగతా రెండింటిలో ఏది చెడినా కొత్త సర్వీస్‌తో కూడా ఇదే గోల, పైగా అప్పుడు ఏది దేనివల్లో అసలు తేలదు. అందుకే వారం రోజులు ఏమీ మార్చకుండా, పంపిన ప్రశ్ననూ వచ్చిన జవాబునూ ఉన్నది ఉన్నట్టు లాగ్ చేద్దామన్నాను. "వారమా? ఈలోగా ఇంకెవరైనా చెరువుకు వెళ్తే?" అన్నారు ఆవిడ. నిజమే, వెళ్లొచ్చు. కాబట్టి ఆ వారం ప్రతి టికెట్‌కూ టెక్నీషియన్ బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేసి దారి అడగాలని పెట్టుకున్నాం. అందరికీ పని పెరిగింది, ఎవరూ కాదనలేదు.

ముందు టేబుల్‌నే అడిగాం

లాగ్ పోగయ్యేలోపు పాత డేటా మీద ఒక చిన్న క్వెరీ వేశాను. ఒకే అక్షాంశం, ఒకే రేఖాంశం ఎన్ని అడ్రస్‌లకు ఉన్నాయో లెక్కపెట్టి, ఎక్కువున్నవి పైన చూపించమని. అన్నిటికన్నా పైన వచ్చిన బిందువు మీద 61 అడ్రస్‌లు ఉన్నాయి. మ్యాప్‌లో తెరిచి చూస్తే అదే చెరువు.

ఆ 61 ఇళ్లకూ ఒకదానితో ఒకటికి సంబంధం లేదు. వీధి దొరకనప్పుడు ఆ సర్వీస్ "ఇల్లు దొరకలేదు, ఊరు మాత్రం దొరికింది" అన్న అర్థంలో ఊరి సరిహద్దు మధ్య బిందువును ఇస్తోంది. ఊరి మధ్య బిందువు ఆ ఊళ్లో ఏ చెరువు మీదైనా పడొచ్చు. సర్వీస్ అబద్ధం చెప్పలేదు. ఇది ఊరి స్థాయి జవాబు అని జేసన్‌లో, అంటే జవాబు వచ్చే డేటా రూపంలో, ఇంకో గడిలో రాసే పంపింది. మన స్క్రిప్ట్ ఆ గడిని చదవలేదు. రెండు సంఖ్యలు తీసుకుని మిగతాదంతా పారేసింది.

ఈ రకం పొరపాటు ఎంత దూరం పోతుందో ప్రపంచం ఒకసారి చూసింది. ఐపీ అడ్రస్‌కు (ఇంటర్నెట్‌లో పరికరానికుండే నంబరు) చోటు చెప్పే ఒక డేటాబేస్, అమెరికా అన్నది తప్ప ఇంకేమీ తెలియని ఐపీలన్నిటికీ దేశం నడిబొడ్డున 38, -97 అనే గుండ్రటి బిందువును ఇచ్చేది. అది కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలం ఇంటి దగ్గర పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ ఒక్క బిందువు మీదున్నాయని 2016లో బయటపడింది. అప్పటిదాకా ఏళ్ల తరబడి, దొంగల కోసమో తప్పిపోయినవాళ్ల కోసమో వెతుకుతూ పోలీసులు ఆ ఇంటి తలుపు తట్టారు. "సుమారుగా ఎక్కడో" అన్న జవాబును "కచ్చితంగా ఇక్కడే" అని చదువుకుంటే జరిగేది అదే. కాన్సాస్ కథలో అడిగింది ఐపీని, మా కథలో అడ్రస్‌ను. తేడా అంతే.

క్వెరీలో రెండో వరుస ఇంకా విచిత్రం. 0, 0. భూమధ్యరేఖా ప్రధాన రేఖాంశమూ కలిసే చోటు, ఆఫ్రికాకు పక్కన గినీ సింధుశాఖ నీళ్లలో. అక్కడ మన తొమ్మిది టికెట్లు ఉన్నాయి. ఎలా వెళ్లాయో ఒక్కో మెట్టూ దిగి చూశాను. సర్వీస్ ఏదో కారణంతో ఎర్రర్ ఇస్తే పీహెచ్‌పీలోని ఫైల్-గెట్-కంటెంట్స్ ఫంక్షన్ ఫాల్స్ ఇస్తుంది. దాన్ని జేసన్ డీకోడ్ చేస్తే నల్, అంటే విలువే లేదని. నల్‌లో అక్షాంశం అడిగితే మళ్లీ నల్. దాన్ని దశాంశ సంఖ్యగా మారిస్తే సున్నా. ఏ మెట్టులోనూ స్క్రిప్ట్ ఆగలేదు. తెలియదు అని మొదలైన జవాబు టేబుల్‌లోకి చేరేసరికి సముద్రంలో ఒక చోటయింది.

ఆ తొమ్మిది టికెట్లూ ఒకే టెక్నీషియన్‌కు పడ్డాయి. 0, 0 నుంచి చూస్తే అందరూ వేల కిలోమీటర్ల దూరమే, కానీ ఎవరో ఒకరు ఒక పిసరు దగ్గరుంటారు కదా. ప్రతిసారీ ఆ ఒక్కరే. తన ప్రాంతం కాని పనులు తనకే ఎందుకు వస్తున్నాయని ఆయన రెండుసార్లు అడిగారట. సిస్టమ్ ఇచ్చింది, వెళ్లండి అన్నారట. ఆయన అడిగిన ఆ ప్రశ్నే ఈ లోపం గురించి వచ్చిన మొదటి రిపోర్టు. ఎవరూ దాన్ని అలా వినలేదు.

అడిగే తీరులో ఉన్న తప్పు

వారం లాగ్ చేతికొచ్చాక అందులో ఒక అడ్రస్ దగ్గర ఆగిపోయాను. ఇంట్లోవాళ్లు రాసింది ఇలా ఉంది: "సూర్యోదయ కాలనీ, ఫ్లాట్ #304, 5వ వీధి", ఆ తర్వాత ఊరు, పిన్‌కోడ్. సర్వీస్‌కు వెళ్లింది మాత్రం "సూర్యోదయ కాలనీ, ఫ్లాట్" వరకే.

యూఆర్‌ఎల్‌లో # గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దాని తర్వాతి భాగం బ్రౌజర్ కోసమే, సర్వర్‌కు వెళ్లదు. పాత స్క్రిప్ట్ అడ్రస్‌లో ఖాళీలను + గుర్తుగా మార్చి ఊరుకుంది, మిగతా గుర్తుల సంగతి చూడలేదు. దాంతో ఊరి పేరూ పిన్‌కోడూ రెండూ తెగిపోయాయి. ఆ పేరుతో కాలనీలు చాలా ఊళ్లలో ఉంటాయి కాబట్టి సర్వీస్ ఇంకో ఊళ్లోని కాలనీని తీసి, చక్కటి జవాబుగా ఇచ్చింది. & గుర్తుతో కూడా ఇంతే, ఆ గుర్తు దగ్గరే అడ్రస్ ముగిసిపోతుంది. ఫ్లాట్ నంబర్ ముందు # రాయడం ఎంత మామూలో ఆలోచిస్తే ఇది ఎన్నిసార్లు జరిగిందో అర్థమవుతుంది.

యూఆర్‌ఎల్‌ను అతికించి తయారు చేయడం మానేసి, హెచ్‌టీటీపీ-బిల్డ్-క్వెరీ అనే ఫంక్షన్‌కు వదిలేశాం. ఒక్క లైను మార్పు.

తెలుగులో రాసిన అడ్రస్‌లకు ఇంకో చిక్కు ఉంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులతో సహా. పాత స్క్రిప్ట్ అడ్రస్‌ను 200 బైట్ల దగ్గర కత్తిరించేది. ఇంగ్లిష్ అక్షరాలకైతే అది రెండు వందలు, తెలుగుకు అరవై చిల్లర. అంటే తెలుగులో రాసినవాళ్ల అడ్రస్ సగంలోనే తెగేది, అదీ ఒక్కోసారి అక్షరం మధ్యలో. ఊరి పేరు చివర్లో ఉంటుంది కనుక ముందు పోయేది అదే. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసినవాళ్లకు ఇది జన్మలో కనపడదు.

పట్టుకోవడానికి నాకు ఎక్కువ సేపు పట్టింది ఐత్వం. "ై" అన్న గుర్తును యూనికోడ్‌లో ఒకే కోడ్‌గా రాయొచ్చు, లేదా ఎత్వం పెట్టి దాని కింద ఇంకో గుర్తు చేర్చీ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. ఒకే ఊరి పేరు రెండు ఫోన్ల నుంచి రెండు రకాలుగా వస్తే పాత జవాబులు దాచుకునే మన క్యాష్‌లో అవి రెండు ఊళ్లు. పీహెచ్‌పీ ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లోని నార్మలైజర్‌తో అంతా, ఒకే కోడ్‌గా కలిపి రాసే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి తెచ్చాక ఆ గొడవ తీరింది. కంటికి కనపడని జీరో-విడ్త్ గుర్తులను కూడా అదే చోట తీసేశాం.

చేసి చూసినవి, చెడినవి

అడిగే తీరు సరిచేసిన ఉత్సాహంలో పాత అడ్రస్‌లన్నిటినీ మళ్లీ జియోకోడ్ చేద్దామని ఒక లూప్ రాశాను. పన్నెండు వేల దాకా ఉన్నాయి. ఒకదాని వెంట ఒకటి, మధ్యలో విరామం లేకుండా. కాసేపటికి సర్వీస్ 429 అంది, అంటే మరీ ఎక్కువగా అడుగుతున్నారని, ఆ తర్వాత పూర్తిగా ఆపేసింది. తప్పు నాదే. ఇలాంటి సర్వీస్‌లకు నియమాలుంటాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల పబ్లిక్ జియోకోడింగ్ సర్వర్ నామినాటిమ్‌నే తీసుకోండి. సెకనుకు ఒక్క రిక్వెస్ట్ మించకూడదు, ఎవరు అడుగుతున్నారో యూజర్-ఏజెంట్ అనే గడిలో చెప్పాలి, వచ్చిన జవాబులను మన దగ్గర దాచుకోవాలి, పెద్ద మొత్తాలకు వేరే దారి చూసుకోవాలి. పీహెచ్‌పీ తనంతట తాను యూజర్-ఏజెంట్ పంపదు, కాబట్టి మా స్క్రిప్ట్ ముఖం కూడా చూపించకుండా తలుపు బాదినట్టయింది. సెకనుకు ఒకటి చొప్పున పంపినా పన్నెండు వేలకు పట్టేది మూడు గంటల ఇరవై నిమిషాలు. ఒక్క రాత్రి పని. నా తొందర వల్ల రెండు రోజులు పోయాయి.

అంతకన్నా ఘోరం ఇంకొకటి జరిగింది. ఆపేసిన తర్వాత వచ్చిన ప్రతి ఎర్రర్‌కూ ఆ లూప్ పాత కోఆర్డినేట్‌ను చెరిపి 0, 0 రాసుకుంటూ పోయింది. సున్నా ఎలా పుడుతుందో తెలిసి కూడా నేను ముందు దాన్ని మూయలేదు. లూప్ మొదలుపెట్టే ముందు టేబుల్‌కు కాపీ తీసిపెట్టాను కాబట్టి వెనక్కి తెచ్చుకోగలిగాం. ఆ సాయంత్రమే రెండు కాలమ్‌ల నుంచీ డిఫాల్ట్ సున్నాను తీసేసి, తెలియనప్పుడు నల్ ఉండేలా మార్చాం. పాత విలువ మీద కొత్తది రాసే ముందు, కొత్తది పాతదానికన్నా మెరుగైనదేనా అని చూసే షరతు పెట్టాం.

రెండో ప్రయత్నం అడ్రస్‌లను శుభ్రం చేయడం. "ఎదురుగా", "పక్కన", "వెనుక" లాంటి మాటలు మ్యాప్ సర్వీస్‌కు అర్థం కావు, తీసేస్తే నయమనుకున్నాం. దానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (మాటలను వెతికి పట్టే నమూనాలు) జాబితా ఒకటి తయారైంది. జవాబు దొరికిన అడ్రస్‌ల సంఖ్య బాగా పెరిగింది, ఆఫీసులో అందరం సంతోషించాం.

అదృష్టం కొద్దీ సరిచూసుకోవడానికి మా దగ్గర ఒక కొలబద్ద ఉంది. టెక్నీషియన్లు పని ముగించగానే ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతారు, ఆ క్షణంలో ఫోన్ ఉన్న చోటు కూడా నమోదవుతుంది. అంటే ఇల్లు నిజంగా ఎక్కడుందో మనకు తెలుసు. శుభ్రం చేశాక వచ్చిన బిందువులకూ ఆ బిందువులకూ మధ్య దూరం చూస్తే, కొత్తగా దొరికిన వాటిలో చాలా వరకు తప్పు చోట్లే. "పాత బస్టాండ్ వెనుక మూడో ఇల్లు" అన్నదాంట్లో "వెనుక" తీసేస్తే సర్వీస్‌కు కనిపించేది పాత బస్టాండ్. అది మ్యాప్‌లో ఉంది, నిక్షేపంగా ఇచ్చింది. ఇంతకుముందు దొరకలేదు అని నిజాయితీగా వచ్చే జవాబు, మేం శుభ్రం చేశాక తప్పు చోటుగా మారింది. దొరకలేదు అంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి కనుక్కుంటారు. తప్పు చోటు దొరికితే ఎవరూ ఫోన్ చేయరు, నేరుగా బండి తీస్తారు.

ఆ రోజు నుంచి ఎన్నింటికి జవాబు వచ్చింది అన్న అంకెను చూడడం మానేశాం. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల జాబితాను తీసేశాం. నాలుగు రోజుల పని, తీసేయాలంటే మనసు ఒప్పలేదు, అయినా తీసేశాం.

బ్రౌజర్‌నే లొకేషన్ అడిగేద్దాం, అడ్రస్ గొడవే ఉండదు కదా అని ఒక సూచన వచ్చింది. ఇది వినడానికి బాగుంటుంది. అయితే ఫారం నింపుతున్నది ఎవరో చూస్తే ఆ దారి మూసుకుపోతుంది. పరికరం వాడేది పెద్దవాళ్లు, ఫారం నింపేది చాలాసార్లు వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకో కూతురో. వాళ్ల ఫోన్ చూపించేది వాళ్ల ఆఫీసును. అందుకే వద్దన్నాం.

పని చేసింది

మొదట ఫారాన్నీ జియోకోడింగ్‌నూ విడదీశాం. నిమిషం పాటు తిరగడానికి కారణం లెక్కతో సహా దొరికింది. ఫైల్-గెట్-కంటెంట్స్ అవతలి సర్వర్ కోసం ఎదురుచూసే గడువు డిఫాల్ట్‌గా 60 సెకన్లు. పీహెచ్‌పీ స్క్రిప్ట్‌కు 30 సెకన్ల పరిమితి ఉంది కదా, అది ఎందుకు ఆపలేదని కోఆర్డినేటర్ మేడమ్ దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. లినక్స్‌లో ఆ 30 సెకన్లు స్క్రిప్ట్ తాను పనిచేసిన సమయానికే లెక్క, నెట్‌వర్క్ కోసం కాచుకున్న సమయం అందులోకి రాదు. ఇప్పుడు సబ్మిట్ నొక్కగానే అడ్రస్ టేబుల్‌లో చేరుతుంది, మనిషికి వెంటనే టికెట్ నంబర్ వస్తుంది. జియోకోడింగ్ పని క్యూలో పడుతుంది. క్రాన్ (వేళకు పనులు మొదలుపెట్టేది) నడిపే వర్కర్ ప్రోగ్రామ్ ఒక్కటే ఉంటుంది, అది ఒక్కో అడ్రస్‌నూ విరామంతో అడుగుతుంది. అవతలి సర్వర్‌ను అడిగే కర్ల్ అనే సాధనంతో కనెక్షన్‌కు రెండు సెకన్లు, మొత్తానికి ఐదు సెకన్ల గడువు. కర్ల్‌కు మొత్తం గడువు మనం పెట్టకపోతే ఉండదు, ఇది మర్చిపోకూడదు. ఫారంలో ఒక దాగిన టోకెన్ పెట్టడంతో రెండుసార్లు నొక్కినా ఒకటే టికెట్.

వర్కర్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించింది స్టేటస్ గురించి. పాత స్క్రిప్ట్‌కు తెలిసినవి రెండే: కోఆర్డినేట్ ఉంది, లేదు. నిజానికి నాలుగు పరిస్థితులున్నాయి. అడగలేకపోయాం: టైమౌట్, 429, అవతల సర్వర్ పడిపోవడం. అడిగాం, దొరకలేదన్నారు. అడిగాం, ప్రాంతం వరకే దొరికింది. అడిగాం, ఇల్లే దొరికింది. మొదటిదానికి మళ్లీ ప్రయత్నించాలి, నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గ్యాప్ పెంచుకుంటూ. రెండోదానికి మళ్లీ అడగడం దండగ, అదే అడ్రస్‌కు పది నిమిషాల తర్వాత కూడా అదే జవాబు, మనిషి చేతికి వెళ్లాలి. ఇక్కడ హెచ్‌టీటీపీ కోడ్‌ను నమ్ముకుంటే మోసపోతాం. దొరకలేదన్న జవాబుకు కూడా చాలా సర్వీస్‌లు 200, అంటే అంతా సవ్యమే, అనే పంపుతాయి. నామినాటిమ్ ఖాళీ జాబితా ఇస్తుంది, గూగుల్ అయితే జవాబు లోపల జీరో రిజల్ట్స్ అని స్టేటస్ రాస్తుంది.

మూడు, నాలుగు మధ్య తేడా పట్టుకోవడమే ఈ కేసు మొత్తానికి ప్రాణం. గూగుల్ జవాబులో లొకేషన్ టైప్ అన్న గడి ఉంటుంది: రూఫ్‌టాప్ అంటే ఆ ఇల్లే, రేంజ్ ఇంటర్‌పోలేటెడ్ అంటే వీధిలో కచ్చితంగా తెలిసిన రెండు చోట్ల మధ్య అంచనా వేసింది, జామెట్రిక్ సెంటర్ అంటే వీధికో ప్రాంతానికో మధ్య, అప్రాక్సిమేట్ అంటే సుమారు. అడిగినదాంట్లో కొంతే కలిసిందని చెప్పే పార్షియల్ మ్యాచ్ గుర్తు వేరే. నామినాటిమ్ అయితే దొరికింది ఇల్లా, వీధా, ఊరా అని తెలిపే ప్లేస్ ర్యాంక్, అడ్రస్ టైప్ ఇస్తుంది. సర్వీస్ మారినా పనికొచ్చే కొలత కావాలని మేం ఇంకొకటి కూడా చూశాం: జవాబుతో పాటు వచ్చే, ఆ చోటు చుట్టూ గీసిన హద్దుల పెట్టె కర్ణం ఎంత పొడవుందో. పెట్టె వంద మీటర్లుంటే అది ఇల్లో చిన్న వీధో, పది కిలోమీటర్లుంటే ఊరు. వీటన్నిటినీ కలిపి ఇల్లు, వీధి, ప్రాంతం, ఊరు అని నాలుగు గ్రేడ్‌లు చేశాం. కోఆర్డినేట్ పక్కనే గ్రేడ్, ఏ సర్వీస్ ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది అన్నవి కూడా టేబుల్‌లో ఉంటాయి. ప్రాంతం, ఊరు గ్రేడ్‌లున్న బిందువుతో టెక్నీషియన్‌కు పని అప్పగించడం ఆపేశాం.

ఫారాన్ని కూడా మార్చాం, కొంచెమే. అడ్రస్‌ను ఎనిమిది పెట్టెలుగా చీల్చమని ఒకరు గట్టిగా పట్టుబట్టారు. ముగ్గురికి ఇచ్చి నింపమన్నాం. ముగ్గురూ ఏదో ఒక పెట్టెలో మొత్తం అడ్రస్ రాసి, మిగతా వాటిలో గీత పెట్టారు. అందుకని ఇల్లు, వీధి ఒక పెట్టెలోనే వదిలేసి, ఊరూ పిన్‌కోడూ విడిగా తీశాం. గుర్తు కోసం ఇంకో పెట్టె. ఈ గుర్తు పెట్టెలోది సర్వీస్‌కు అస్సలు పంపం, టెక్నీషియన్ ఫోన్‌లో పెద్ద అక్షరాలతో చూపిస్తాం. బస్టాండ్ వెనుక మూడో ఇల్లు అన్నది మ్యాప్‌కు పనికిరాదు, బండి మీద వెళ్లే మనిషికి అంతకన్నా మంచి అడ్రస్ లేదు. పిన్‌కోడ్ విడిగా ఉండడంతో సర్వీస్ జవాబులోని పిన్‌కోడ్‌తో పోల్చి చూడగలిగాం. సూర్యోదయ కాలనీ లాంటివి అక్కడే దొరికిపోతాయి.

గ్రేడ్ తక్కువొస్తే ఇంట్లోవాళ్లకు ఒక లింక్ వెళ్తుంది. మ్యాప్ తెరుచుకుంటుంది, పిన్‌ను జరిపి ఇంటి మీద పెట్టి సరే అంటే చాలు. దీన్ని అందరికీ పెడదామా అని చర్చ జరిగింది. ఆదుర్దాలో ఉన్న మనిషికి అక్కర్లేని ఒక మెట్టు కలపకూడదని, అవసరమైనవాళ్లకే పెట్టాం. మనిషి పెట్టిన పిన్‌కు ఏ సర్వీస్ జవాబుకన్నా ఎక్కువ విలువ. ఇక టెక్నీషియన్ ఒకసారి వెళ్లొచ్చాక ఆయన ఫోన్ చెప్పిన బిందువే ఆ ఇంటికి ఖాయం, మళ్లీ ఎవరినీ అడగక్కర్లేదు.

ఈ పిన్ పేజీ కట్టేటప్పుడు ఒకరోజు అన్నీ తలకిందులయ్యాయి. మ్యాప్ డేటా రాసే జియోజేసన్ రూపంలో రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. దాని ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 7946 అలాగే రాసింది. గూగుల్ ఏపీఐలలో (ప్రోగ్రాములు సర్వీస్‌ను అడిగే దారులు) అక్షాంశం ముందు. మైఎస్‌క్యూఎల్ 8లో అక్షాంశ రేఖాంశాల పద్ధతికి ఉన్న 4326 కోడ్‌తో బిందువు రాస్తే మళ్లీ అక్షాంశమే ముందు. అక్షాంశం 90 దాటకూడదు అన్న పరీక్ష ఒక్కటి సరిపోదు, రేఖాంశం 90 లోపు ఉన్న దేశాల్లో తారుమారైనా ఆ పరీక్ష పాసైపోతుంది. సేవ నడిచే ప్రాంతానికి ఒక హద్దుల పెట్టె గీసి, దాని బయట పడ్డ ఏ బిందువునూ టేబుల్ తీసుకోకుండా చేశాం. 0, 0 కూడా దాంతోనే ఆగిపోయింది.

కాలమ్ రకం కూడా మార్చాం. దశాంశాలను సుమారుగా దాచే ఫ్లోట్ కాలమ్‌ను మామూలు క్వెరీతో చదివితే మైఎస్‌క్యూఎల్ ఆరు అంకెలకే చూపిస్తుంది. దశాంశానికి ముందు రెండు అంకెలు పోతే తర్వాత నాలుగే మిగులుతాయి, ఐదున్నర మీటర్ల దాకా తేడా. ముందు మూడు అంకెలుంటే యాభై మీటర్లు దాటొచ్చు. అంకెలను ఉన్నవున్నట్టు దాచే డెసిమల్ పెట్టి, చుక్క తర్వాత ఆరు స్థానాలు ఉంచాం.

నా పనిలో మారినవి

ఇప్పుడు ఎవరైనా జియోకోడింగ్ పని ఇస్తే కోడ్ తెరవక ముందే ఆ సర్వీస్ నియమాలు చదువుతాను. గూగుల్ నియమాల ప్రకారం అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి క్యాష్ చేయకూడదు, ఆ చోటుకు గూగుల్ ఇచ్చే గుర్తింపు, ప్లేస్ ఐడీని మాత్రం ఎంతకాలమైనా ఉంచుకోవచ్చు. శాశ్వతంగా దాచుకోవాలనుకునే మాలాంటి పనికి ఇది డిజైన్‌నే మార్చే సంగతి. ధర పట్టికకన్నా ముందు చూడాల్సింది ఇదే. తర్వాత ఏపీఐ కీ, అంటే సర్వీస్ వాడుకోవడానికి మనకిచ్చే రహస్య సంకేతం. పాత సైట్‌లో అది పేజీ సోర్స్‌లో ఎవరికైనా కనిపించేది. సర్వర్ నుంచి వెళ్లే కాల్స్‌కు వేరే కీ తీసుకుని సర్వర్ ఐపీకి కట్టేయాలి. వెబ్‌సైట్ పేరుతో పెట్టే రిఫరర్ ఆంక్ష బ్రౌజర్ కాల్స్ కోసం పెట్టింది, సర్వర్ కాల్స్‌కు అది కుదరదు.

లాగ్ గురించి కూడా. మొదటి వారం తీసిన ఆ లాగ్ చూసి నా గుండె ఝల్లుమంది. అడ్రస్ పెట్టెలోనే కొందరు రోగి పేరు, జబ్బు, రెండు ఫోన్ నంబర్లు రాశారు. అదంతా మూడో సంస్థ సర్వర్‌కు వెళ్లింది. ఏ ఇంట్లో ఆక్సిజన్ మీద ఎవరున్నారో చెప్పే వివరం అది. ఇప్పుడు సర్వీస్‌కు పంపే ముందు ఫోన్ నంబర్‌లా కనిపించే అంకెల వరుసలను తీసేస్తాం, ఆ పెట్టె పైన పేరు, ఫోను ఇక్కడ రాయొద్దని ఒక వాక్యం పెట్టాం. ముడి లాగ్‌లు 30 రోజులకు చెరిగిపోతాయి. ఇది నేను మొదటి రోజే చేయాల్సింది.

తీరనిది ఒకటుంది. కొత్తగా వేసిన లేఅవుట్లలో వీధులు ఇంకా ఏ మ్యాప్‌లోనూ లేవు. అక్కడివాళ్లకు గ్రేడ్ ఎప్పుడూ ఊరు దాటదు. పిన్ లింక్ పంపినా ఖాళీ నేల మీద ఎక్కడ పెట్టాలో వాళ్లకే తెలియదు. ఆ టికెట్లు నేరుగా కోఆర్డినేటర్ మేడమ్ జాబితాలోకి వెళ్తాయి, ఆవిడ ఫోన్ చేసి దారి అడుగుతారు.

మొదటి రోజు వేసిన ఆ క్వెరీ ఇప్పుడు ప్రతి సోమవారం ఉదయం దానంతట అదే నడుస్తుంది. ఒకే బిందువు మీద ఐదుకు మించి అడ్రస్‌లుంటే ఆవిడకు మెయిల్ వెళ్తుంది. ఈ మధ్య ఒకటి వచ్చింది, ఏడు అడ్రస్‌లు, అన్నీ ఇల్లు గ్రేడ్. మళ్లీ ఏదో చెడిందన్న టెన్షన్‌తో తెరిచి చూశాం. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఏడు ఫ్లాట్లు. ముగ్గురు టెక్నీషియన్లు వేర్వేరు రోజుల్లో వెళ్లొచ్చారు, ముగ్గురి ఫోన్లూ ఆ గేటునే చూపించాయి. ఆ బిందువు పక్కన "అపార్ట్‌మెంట్, సరిచూశాం" అని రాసి వదిలేశాం.